ఆగిపోయే చోటు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఫ్యాను గాలి మనుషులకు దక్కలేదు. టేబుల్ ఫ్యాను మొహం కంప్యూటర్ వైపు తిప్పి పెట్టాం. కంప్యూటర్ పక్కరేకు ఊడదీశాం. లోపలి పేగులన్నీ బయటికి కనిపిస్తుంటే, అది చల్లబడాలని మేం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళం.

మా మరిది వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే ఆగి నవ్వేవాడు. "కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు వదినా! పక్కన విసనకర్ర పట్టుకుని ఒకళ్ళు నిలబడటమే తక్కువ."

"అల్లుడు పని చెయ్యకపోయినా ఊరుకుంటారు బాబాయ్. ఇది చెయ్యాలిగా," అనేది మా అమ్మాయి, తెర మీంచి చూపు తిప్పకుండా.

ముందుగదే మా షాపు. మా ఆయన పెళ్ళిళ్ళకు వీడియో తీసేవారు. మరిది ఫోటోలు తీసేవాడు. వాళ్ళు తెచ్చి పడేసిన గంటల కొద్దీ బొమ్మను అమ్మాయి ఏరి, కోసి, వరస పెట్టి, పాట కలిపి సినిమా చేసేది. అంతా అయ్యాక ఆ ముక్కలన్నీ కలిసి ఒక్కటవ్వాలి. దాన్ని రెండరింగ్ అంటారు. నాకు తెలిసిన భాషలో చెప్పాలంటే, తరగడం కలపడం అయ్యాక పొయ్యి మీద పెట్టడం. పెట్టాక మనం చేసేదేం ఉండదు, ఉడికేదాకా కాచుకోవడమే. తెర మీద సన్నని గీత ఒకటి పచ్చగా నిండుతూ పోతుంది. చివరికంటా నిండితే సినిమా చేతికొచ్చినట్టు.

ఆ పెళ్ళి సినిమాకి మాత్రం గీత నిండలేదు. ముప్పాతిక దాటేదాకా బుద్ధిగా నడిచేది. అక్కణ్ణుంచి నత్త నడక. చివరికి ఒక చోటికొచ్చి కదలకుండా నిలబడిపోయేది. కాసేపటికి తెర తెల్లబోయేది. మధ్యలో చిన్న డబ్బా ఒకటి లేచి ఇంగ్లీషులో ఏదో చెప్పేది.

"ఏమంటోందే?" అని మొదటిసారి అడిగాను.

"ఏదో అయిందట. సారీ చెప్తోంది."

"ఏమైందో చెప్పదా?"

"చెప్పదు."

చలికాలంలో ఆసుపత్రి వరండాలో నాతో మాట్లాడినవాళ్ళూ అంతే. ఏదో అయిందన్నారు, సారీ చెప్పారు.

అది మా ఆయన తీసిన ఆఖరి పెళ్ళి. జనమంతా భోజనాల దగ్గర ఉన్నారట. హాలు పక్కగదిలో పెళ్ళికూతురి అమ్మమ్మ ఒక్కతే కుర్చీలో కూర్చుని ఉంటే, ఆవిణ్ణి తీస్తూ తీస్తూ ఆయన కూలిపోయారు. గుండె ఆగింది. ఎవరో చూసి పరిగెత్తుకొచ్చేసరికి ఆయన నేల మీద ఉన్నారు. పెద్దావిడా నేల మీదే ఉంది. పాపం, భయపడి కుర్చీలోంచి జారిపడింది అన్నారు. ఆవిడకి తుంటి ఎముక విరిగింది. ఆయన మరి లేవలేదు. నాకు చేతికిచ్చిన సంచిలో గడియారం, కళ్ళజోడు, కెమెరాలోంచి తీసిన కార్డు పెట్టిన చిన్న డబ్బా ఉన్నాయి.

పడిపోయేటప్పుడు ఆయన్ను ఎవరైనా పట్టుకున్నారా, ఒక్కరే పడిపోయారా? ఈ మాట ఎవరినీ అడగలేకపోయాను. అడిగితే చెప్పగలిగినవాళ్ళూ లేరు. ఇల్లు ఊడుస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా అదే తొలిచేది. అంత పొడుగు మనిషి, గచ్చు నేల.

ఆ డబ్బా మీద చీటీ లేదు. పని నుంచి వచ్చి, స్నానం చేసి, అప్పుడు తీరిగ్గా చీటీ రాసి అతికించడం ఆయన అలవాటు. ఎవరి పెళ్ళి, ఎప్పుడు, ఏ కెమెరా అని. నేను అక్షరాలు నేర్చుకుంది యాభై దాటాక, ఆ చీటీలు చూసే. ఆయనకి ఇంకో అలవాటు కూడా ఉండేది. బయల్దేరేముందు కెమెరా రంగులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడ్డానికి నన్ను గుమ్మంలో నిలబెట్టి కాస్త తీసేవారు. "ఒక్క నిమిషం, ఇటు చూడు," అనేవారు. పొయ్యి మీద ఏదో మాడుతుంటుంది, నేను మొహం చిట్లించుకుని నిలబడేదాన్ని. అందుకని ఆయన కార్డుల్లో మొదటి ముక్క ఎప్పుడూ నేనే. ఎంత గొప్పింటి పెళ్ళైనా నా చిట్లించిన మొహంతోనే మొదలయ్యేది. తర్వాత అమ్మాయి దాన్ని కోసేసేదనుకోండి.

ఒక్క నిమిషం అనేది ఆయన ఊతపదం. అన్నానికి పిలిస్తే ఒక్క నిమిషం. ఆటో వచ్చి గుమ్మంలో ఆగితే ఒక్క నిమిషం. ఫోటోలవాళ్ళూ, బల్లలు వేసేవాళ్ళూ అందరూ ఆయన్ని 'ఒక్క నిమిషం మాస్టారు' అనే పిలిచేవారు.

ఆ కార్డు తెరవడానికి మాకు ఎండలు వచ్చేదాకా ధైర్యం చాల్లేదు. తెరిచాక ఇదిగో, ఇలా మొరాయించింది.

అమ్మాయి చెయ్యని వైద్యం లేదు. బ్రష్షుతో దుమ్ము దులిపింది. డిస్కులో చోటు చాల్లేదేమోనని పాత పెళ్ళిళ్ళన్నీ వేరే పెట్టెలోకి ఎక్కించింది. మెమరీ ఇంకోటి వేయించింది. బొమ్మలకి అద్దిన రంగులు, మెరుపులు ఒక్కొక్కటే తీసి చూసింది. పెద్ద బొమ్మలకు చిన్న నకళ్ళు చేసి వాటితో నడిపించింది. సాఫ్ట్‌వేర్ మొత్తం పీకి మళ్ళీ వేసింది. ఏం చేసినా గీత ఆ చోటికి రాగానే చతికిలబడేది.

"ముసలిదైపోయింది వదినా," అని తేల్చాడు మరిది. "మనకి మెట్లెక్కుతుంటే ఒక మలుపు దగ్గర ఆయాసం వస్తుంది చూడు, ఇదీ అంతే."

"నీకు మొదటి మెట్టుకే వస్తుందిగా," అన్నాను.

"అందుకే కదా నేను సినిమాలు తీయను. ఫోటో అయితే నిలబడిన చోటే పని."

అమ్మాయి మాత్రం "ఎండ అమ్మా, వేడికి తట్టుకోలేకపోతోంది," అనేది. నేను నమ్మాను. కిటికీకి తడిగుడ్డ కట్టాను. ఆరగానే మళ్ళీ తడిపి కట్టాను.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం పెళ్ళికూతురు వచ్చింది. పెళ్ళై నెలలు గడిచినా మా ఇంట్లో ఆ పిల్లని పెళ్ళికూతురనే అనుకునేవాళ్ళం. సినిమా ఇవ్వనంతకాలం మాకు పెళ్ళి అయినట్టు కాదు మరి. మంచినీళ్ళు తాగి, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అడగకూడదనుకున్నాను ఆంటీ. మీ ఇంట్లో అలా జరిగింది, అది కూడా నా పెళ్ళిలో. ఏ మొహం పెట్టుకుని అడగను? కానీ అమ్మమ్మ..."

"ఎలా ఉందమ్మా?"

"అప్పట్నుంచి మంచం దిగలేదు. పడుకుని పడుకుని ఛాతీలో నెమ్ము చేరింది. ఇంక ఎక్కువ రోజులు ఆశ పెట్టుకోవద్దన్నారు." గ్లాసు అటూ ఇటూ తిప్పింది. నన్నెత్తుకు పెంచింది ఆవిడే, అంది. "మీకు తెలుసా ఆంటీ, అమ్మమ్మ నవ్వు మేమెవరమూ చూడలేదు. పళ్ళు ఊడినప్పట్నుంచీ నోటికి చెయ్యి అడ్డం. ఇంట్లో ఏ ఫోటో చూసినా చెయ్యే నవ్వుతుంటుంది. ఆ రోజు మాత్రం అంకుల్ నవ్వించారట. 'చెయ్యి తీసేసి నవ్వానే, నువ్వు చూద్దువుగానిలే,' అని రోజూ చెప్తోంది. తను కూడా చూసుకోవాలట, ఎలా ఉందో."

కంప్యూటర్ ముందు అమ్మాయి చేతులు ఆగిపోయాయి. వెనక్కి మాత్రం తిరగలేదు.

"ఇంకోటి ఆంటీ. మీతో మాట్లాడాలంటోంది. ఏంటని అడిగితే నాకు చెప్పదు. 'నీకు కాదు, ఆవిడకే చెప్పాలి' అంటుంది."

"సినిమా అవగానే నేనే చేత్తో పట్టుకొస్తానని చెప్పమ్మా. ఇద్దరం పక్కన కూర్చుని చూస్తాం."

ఆ పిల్ల గొడుగు వేసుకుని ఎండలోకి వెళ్ళిపోయాక అడిగాను. "ఏమే, ఆ పెద్దావిడ ముక్క ఎక్కడుంది?"

"చివర్లో."

"చూపించు ఒకసారి."

"ఇప్పుడు కాదమ్మా. వేడెక్కి ఉంది."

కంప్యూటర్లు బాగుచేసే ఆయన షాపు మా వీధి చివరే. ఏ పెట్టె తెచ్చినా ముందు చెవి ఆనించి వింటాడు. అందుకని వీధంతా అతన్ని డాక్టర్ అంటారు. అమ్మాయికి చెప్పకుండా ఆ మర్నాడు నేనే వెళ్ళాను. ముక్కుమీదికి జారిన కళ్ళజోడుతో ఏదో ఫోను పొట్ట విప్పి కూర్చున్నాడు.

"డాక్టరుగారూ, మీరొకసారి వచ్చి మా పెట్టెని చూడాలి. వేడికి చచ్చిపోతోంది."

"ఆ ముక్క తీసేసిందా, లేదా అక్కా?"

"ఏ ముక్క?"

స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "మీకు చెప్పలేదా?"

స్టూలు లాగి నన్ను కూర్చోబెట్టాడు. "వేడీ లేదు, వంకాయా లేదక్కా. ఎండలు మొదలయ్యేటప్పుడే నేనొచ్చి చూశా, మీరు బజారుకెళ్ళారు. సినిమాని సగానికి కోసి ముందు సగం నడిపించాం. హాయిగా నిండింది. వెనక సగం నడిపించాం. చచ్చింది. మళ్ళీ ఆ చచ్చిన సగాన్ని సగం చేశాం. అలా సగం సగం చేసుకుంటూ పోతే ఆఖరికి ఒక్క ముక్క మిగిలింది. అది తీసి పక్కన పెడితే ఏ గొడవా లేదు. అది ఉంటే అక్కడ చస్తుంది."

"ఏముంది అందులో?"

"ఉండాల్సింది లేదు. కెమెరాలో ఆపే బటన్ నొక్కుతామా, అప్పుడది ఆ ముక్కకి ఆఖరు రాసుకుంటుంది. ఇక్కడ మొదలు, ఇక్కడితో సరి అని. దీనికి ఆఖరు రాయలేదు." కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "బటన్ ఎవరూ నొక్కలేదక్కా. కెమెరా కింద పడి బ్యాటరీ ఊడినట్టుంది."

నేను బల్ల మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న మరలు చూస్తూ కూర్చున్నాను. ఒక్కోటి చీమ తలకాయంత ఉంది.

"మరి దీనికి మందు లేదా?"

"తీసి అవతల పెడితే ఈ పూటే సినిమా మీ చేతిలో ఉంటుంది. లేదూ, ఆ ముక్క కావాల్సిందే అంటే ఒక దారుంది. అదే రోజు అదే కెమెరాతో తీసిన మంచి ముక్కని పక్కన పెట్టుకుని, దాని కొలతలతో దీన్ని నిలబెట్టొచ్చు. రావచ్చు, రాకపోవచ్చు. నకలు మీదే చేస్తాం కాబట్టి పోయేదేం లేదు. అమ్మాయితో అదీ చెప్పా. వద్దంది."

"ఎందుకు?"

"అది మీరు అడగాలక్కా, నేనెలా అడుగుతా?"

ఇంటికొచ్చేసరికి వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంది, నా అలికిడి వినలేదు. నేను వెనకే నిలబడ్డాను.

తెర మీద పెద్దావిడ. కుర్చీలో ముడుచుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కెమెరా వైపు అనుమానంగా చూస్తోంది. అమ్మాయి రెండు అరచేతులతో హెడ్‌ఫోన్లు చెవులకు అదుముకుంది. ముందుకు వంగింది. బొమ్మ బిగుసుకుపోయింది. తెర తెల్లబోయింది. చిన్న డబ్బా లేచి సారీ చెప్పింది. అమ్మాయి కళ్ళు మూసుకుంది. తర్వాత సాఫ్ట్‌వేర్ మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే చోటు. మళ్ళీ పెద్దావిడ, ఆ చెయ్యి, ఆ తెల్లతెర. మళ్ళీ తెరిచింది.

భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడలేదు. ఎప్పుడో ఒకప్పుడు వస్తానని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"నాకూ వినిపించు," అన్నాను.

లేచి నన్ను కూర్చోబెట్టింది. చిన్నప్పుడు నేను దానికి చేసినట్టు, నా జుట్టు చెవుల వెనక్కి తోసి హెడ్‌ఫోన్లు పెట్టింది. ఎక్కడో దూరంగా పళ్ళాల చప్పుడు. జనం మాటలు. కుర్చీ కిర్రుమంది. అప్పుడు ఆయన గొంతు, నా చెవిలోనే ఉన్నంత దగ్గరగా.

"ఒక్క నిమిషం, అమ్మా..."

అంతే. కరెంటు పోయినట్టు అయిపోయింది.

హెడ్‌ఫోన్లు తీయడానికి నాకు చేతులు రాలేదు. అమ్మాయే తీసింది.

"ఆ మాట ఒక్కటీ వేరుగా తీసి దాచుకోలేవా తల్లీ?"

"దాచుకున్నానమ్మా. ఫోన్లో ఉంది. కానీ ఫోన్లో అది అక్కడితో అయిపోతుందని నాకు తెలుసు. ఇక్కడైతే... ప్రతిసారీ, ఈసారి ఆ తర్వాతది కూడా వస్తుందేమో అనిపిస్తుంది."

"మరి డాక్టర్ బాగుచేస్తానంటే వద్దన్నావట."

"వస్తే?" అంది. "వస్తే నాన్న పడిపోవడం చూడాలి కదమ్మా."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నా కూతురు ఆ రెంటి మధ్యా కుర్చీ వేసుకుని ఎండాకాలమంతా కూర్చుంది. ఎండ అంటూ నాతో కిటికీకి తడిగుడ్డలు కట్టించింది. కోప్పడదామనుకున్నాను. కానీ లోపల ఒక దొంగ కోరిక. ఇంకొక్కసారి వింటే బాగుండు. ఇద్దరం మరో రెండుసార్లు విన్నాం. ఆ సాయంత్రం ఇద్దరం అన్నం సరిగ్గా తినలేదు.

రేపు తేలుద్దాం, ఎల్లుండి తేలుద్దాం అనుకుంటుండగానే ఆ వారం మరిది వచ్చాడు. గుమ్మంలో ఆగి నవ్వలేదు. చెప్పులు విప్పి, తిన్నగా లోపలికొచ్చి, గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"వదినా, ఆ పెద్దావిడ పోయిందట. పొద్దున్నే."

అమ్మాయి పెళ్ళికూతురికి ఫోన్ చేసింది. పలకరింపులో ఏం మాట్లాడిందో అసలు వినిపించలేదు. చివర్లో మాత్రం, "నా వల్లే అక్కా, ముందే ఇచ్చి ఉండాల్సింది, నా వల్లే ఆలస్యమైంది," అంది. అవతలి గొంతు గదంతా వినిపించింది. అందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"పర్లేదమ్మా. ఇప్పుడు తొందరేం లేదులే. మెల్లగా చెయ్యి."

అమ్మాయి ఫోను బల్ల మీద పెట్టింది. తర్వాత లేచి, టేబుల్ ఫ్యాను మొహం కంప్యూటర్ వైపు నుంచి మా వైపు తిప్పింది. గాలి నా మొహానికి కొట్టింది. ఆ ఎండాకాలం మొత్తానికి అదే మొదటిసారి.

"డాక్టర్‌ని పిలువమ్మా," అంది.

డాక్టర్ వచ్చిన రోజు తొలివాన పడింది. గొడుగు లేక, కార్డులు చదివే చిన్న పెట్టెను చొక్కా లోపల దాచుకుని తడుస్తూ వచ్చాడు. తువ్వాలు ఇచ్చాను. తల తుడుచుకుంటూ అడిగాడు. "మంచి ముక్క ఏదన్నా ఉందా? చిన్నదైతే మేలు. అదే రోజుది కావాలి."

అమ్మాయి కార్డు తెరిచి మొట్టమొదటి ముక్క మీద నొక్కింది. తెర మీద మా గుమ్మం వచ్చింది. గుమ్మంలో నేను. చేతిలో గరిటె, చిట్లించిన మొహం. "వెళ్ళిరండి, ఆలస్యమైతే వాళ్ళే అంటారు," అంటున్నాను. తెర మీది ఆ మనిషికి మొగుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆవిడకేమో పొయ్యి మీది కూర మీద ధ్యాస.

"ఇది చాలా?" అంది అమ్మాయి.

డాక్టర్ నా వైపు చూడకుండా, "బంగారంలా ఉంది," అన్నాడు.

నా ముక్కను పక్కన నిలబెట్టి, దాని కొలతలతో ఆ విరిగిన ముక్కను కూడగట్టాడు. చాలాసేపే పట్టింది. వాన చూరు మీంచి ధార కట్టింది. మరిది అటూ ఇటూ తిరిగాడు. చివరికి డాక్టర్ కుర్చీలోంచి లేచాడు. "వచ్చినట్టే ఉంది. నేను చూడలేదు. మీరిద్దరూ చూడండి, మేం బయట ఉంటాం." మరిదిని చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళాడు.

పెద్దావిడ. కుర్చీ. నోటికి అడ్డం చెయ్యి. ఈసారి ముక్క మొదట్నుంచీ.

"నన్నెందుకు నాయనా, పిల్లని తీసుకో."

"పిల్లని పొద్దుట్నుంచీ తీస్తూనే ఉన్నా. ఒక్క నిమిషం, అమ్మా..."

అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"...ఆ చెయ్యి కాస్త కిందికి దించండి. మా ఆవిడా ఇంతే, కెమెరా చూస్తే చాలు, మొహం చిట్లించేస్తుంది."

"పాపం, నీ పోరు పడలేక చిట్లిస్తుందేమో."

"అయ్యుంటుంది. ముప్ఫయ్యేళ్ళ పోరు మరి."

పెద్దావిడ ఫక్కున నవ్వింది. చెయ్యి ఒళ్ళోకి జారింది. ఒక్క పన్ను లేదు. నెలల పిల్ల నవ్వినట్టు నోరంతా తెరిచి నవ్వింది. వెనక ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఆగింది. గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు. బొమ్మ కొద్దిగా పక్కకు ఒరిగింది, ఎవరో పిలిస్తే తల వంచి విన్నట్టు.

పెద్దావిడ మొహంలో నవ్వు పోయింది. "ఏమైంది నాయనా?"

బొమ్మ ఇంకా ఒరిగింది. ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఇద్దరు చెరో పక్కా పట్టుకుంటే తప్ప లేవలేని మనిషని పెళ్ళికూతురు తర్వాత చెప్పింది. మేం చూస్తుండగా ఆవిడ లేచింది. రెండు చేతులూ ముందుకు చాపి ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. చేతులు పెద్దవై, పెద్దవై, తెరంతా నిండిపోయాయి.

"పట్టుకున్నా, పట్టుకున్నా నాయనా. నేనున్నాలే, పట్టుకున్నా."

దబ్బుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత అంతా చీకటి.

వాన శబ్దం ఒక్కటే మిగిలింది. అమ్మాయి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. చలికాలంలో ఏడవలేదు అది. అందరికీ టీలు ఇస్తూ తిరిగింది. నేను దాని వీపు నిమురుతూ కూర్చున్నాను. నా మనసులో ఆ రెండు చేతులే ఉన్నాయి. అన్నాళ్ళూ నేను గచ్చు నేలనే తలుచుకున్నాను.

ఆవిడ నాతో చెప్పాలనుకున్న మాట ఏమిటో అప్పుడు అర్థమైంది. మంచం మీంచి ఎన్నిసార్లు కబురు చేసి ఉంటుందో!

మొహం కడుక్కుని వచ్చి అమ్మాయి మళ్ళీ కుర్చీలో కూర్చుంది. ముక్కను వరసలో పెట్టి, కోసే గీతను పెద్దావిడ నవ్వు మీదికి జరిపింది.

"నవ్వు అయిపోగానే కోసేస్తానమ్మా."

"వద్దు. ఇంకొంచెం ఉంచు."

"ఎక్కడిదాకా?"

"లేచి చేతులు చాపిందే, అక్కడిదాకా."

అమ్మాయి నా వైపు తిరిగింది. "అమ్మా, వాళ్ళకి తెలిసిపోతుంది. నాన్నని పట్టుకోబోయి ఆవిడ పడిందని. ఆ పడటంతోనే మంచాన పడి..." పూర్తి చేయలేకపోయింది. "మనల్ని ఏమంటారో."

"అననీ."

"ఇప్పుడేం నిష్ఠూరం లేదు అమ్మా వాళ్ళకి. మనం చెప్పకపోతే ఎప్పటికీ..."

"ఎప్పటికీ ఆవిడ భయపడి కుర్చీలోంచి జారిపడిందనే అనుకుంటారు," అన్నాను. "అలా అనుకోకూడదే. ఇంకెవరూ అలా అనుకోకూడదు. చేతుల దాకా ఉంచు. మిగతాది నేను నోటితో చెప్తాను."

అమ్మాయి కోసే గీతను కొంచెం కొంచెంగా ముందుకు జరిపింది. పెద్దావిడ నిలబడి, రెండు చేతులూ చాపి, మొహం నిండుగా కనిపించే చోట ఆపింది. తెలియనివాళ్ళు చూస్తే మనవరాలిని దగ్గరికి తీసుకోబోతోంది అనుకుంటారు. అక్కడ కోసింది.

రెండరింగ్ పెట్టింది. మరిది, డాక్టర్ లోపలికొచ్చి మా వెనక నిలబడ్డారు. ఫ్యాను కట్టేసి ఉంది. పచ్చగీత నిండుతూ వచ్చింది. సగం అయింది. ముప్పాతిక అయింది. ఆ చోటు దగ్గరపడుతుంటే నలుగురం తెర మీదికి వంగాం. గీత అక్కడికి వచ్చింది. ఆగలేదు.

"దాటింది వదినా," అన్నాడు మరిది మెల్లగా. ఇంకేం జోకు వేయలేదు.

మర్నాడు బయల్దేరేముందు ఆ కార్డు తాలూకు ఖాళీ డబ్బా మీదికి చీటీ రాశాను. ఆయన రాసే పద్ధతిలోనే, ఎవరి పెళ్ళి, ఎప్పుడు, ఏ కెమెరా అని. నా అక్షరాలు ఇప్పటికీ వంకరే. జిగురు ఆరేదాకా వేలితో అదిమి పట్టుకున్నాను.

పెళ్ళికూతురి ఇంట్లో పెద్దావిడ మంచం తీసేసినట్టున్నారు. నేల మీద నాలుగు కోళ్ళ గుర్తులు తెల్లగా ఉన్నాయి. టీవీకి పెట్టి, ఇద్దరం చాప మీద పక్కపక్కన కూర్చున్నాం. పెళ్ళంతా చూశాం. ఆఖరికి పెద్దావిడ వచ్చింది. చెయ్యి ఒళ్ళోకి జారింది. నవ్వింది.

పెళ్ళికూతురు తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అచ్చం వాళ్ళ అమ్మమ్మలాగే.

పెద్దావిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. చేతులు చాపింది. బొమ్మ అయిపోయింది.

"అమ్మమ్మ లేచింది," అంది ఆ పిల్ల. నన్ను చూసింది. "తనంతట తనే లేచింది ఆంటీ! ఎవరూ పట్టుకోలేదు. ఎందుకు లేచింది?"

నేను చెప్పాను. ఎక్కడా కొయ్యకుండా, ఆఖరి మాట దాకా చెప్పాను.

తిడుతుందేమోనని కాచుకున్నాను. తిట్టలేదు. ఓదార్చనూ లేదు. రిమోటు తీసుకుని వెనక్కి తిప్పింది.

"ఒక్క నిమిషం, అమ్మా," అన్నారు మా ఆయన ఆ గదిలో. పెద్దావిడ చెయ్యి దించింది. నవ్వింది. లేచింది.

పెళ్ళికూతురు మళ్ళీ వెనక్కి తిప్పింది. ఈసారి నోటికి అడ్డం పెట్టుకున్న ఆ చేతిని నేను తీసి నా చేతుల్లోకి తీసుకున్నాను. గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరం మళ్ళీ మొదట్నుంచి చూశాం.